కార్డు కాదండీ, నంబరు వస్తువు మీదే ఉండాలి

తాటాకు బుట్టలు, సంచులు అల్లి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నానని, కొన్న ప్రతివాళ్లకీ విజిటింగ్ కార్డు ఇస్తున్నా తర్వాత ఫోన్ చేసేవాళ్లే లేరని రాశారు. నంబరు బుట్ట మీదే వేస్తే చవకబారుగా కనిపిస్తుందేమోనని మీ సందేహం. మాది కొండపల్లి, బొమ్మల పని. సరుకు వేరే అయినా మీరడిగింది మా ఇంట్లో రోజూ నలిగే సంగతే కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

వెయ్యండి, తప్పకుండా వెయ్యండి. చేతిపని వస్తువు కొన్నవాళ్లకు మనతో అవసరం పడేది కొన్న రోజున కాదు, చాలాకాలం తర్వాత. మా బొమ్మలే చూడండి. దసరాకో సంక్రాంతికో కొలువు పెడతారు. కొలువు ఎత్తేశాక బొమ్మలన్నీ పాత చీరముక్కల్లో, పేపర్లలో చుట్టి, ట్రంకుపెట్టెలో సర్ది అటకెక్కిస్తారు. మళ్లీ దించేది మరుసటేడు. అప్పుడు చూస్తే అంబారీ ఏనుగు తొండం విరిగి ఉంటుంది, లేదా దశావతారాల్లో వామనుడు కనబడడు, లేదా ఈసారి ఇంకో మెట్టు పెంచుదామని పిల్లలు పట్టుబడతారు. కొండపల్లివాళ్లు గుర్తొచ్చేది సరిగ్గా అప్పుడే. ఆపాటికి కార్డు ఏ డ్రాయర్లో పోయిందో తెలియదు. అట్టపెట్టె మీద అంటించిన స్టిక్కరు పెట్టెతోపాటే పాతసామాన్లవాళ్లకు వెళ్లిపోయి ఉంటుంది. బొమ్మ పీట అడుగున వేసిన నంబరు ఒక్కటే మిగులుతుంది.

హైదరాబాదు నుంచి ఒక పెద్దావిడ అలాగే ఫోన్ చేశారు. ఏనుగు తొండం విరిగింది, ఫెవికాల్‌తో అంటించుకోమంటారా అని అడిగారు. వద్దమ్మా, వాట్సాప్‌లో ఫొటో పెట్టండి అన్నాను. చూస్తే మా నాన్నగారి చేతి పని. బొమ్మ పంపించారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తొండం అతికి, పాత రంగుకు సరిపోయేలా రంగు కలిపి వేసి తిప్పి పంపాం. కొరియర్ ఖర్చులు మాత్రం తీసుకున్నాం. ఆ తర్వాత అమెరికాలో ఉన్న కూతురి కొలువుకని పల్లకీ పెళ్లికూతురు, ఎడ్లబండి, దశావతారాల సెట్టు ఆవిడే ఆర్డరిచ్చారు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో మరో రెండిళ్లవాళ్లకూ నంబరిచ్చారు. అందుకే మా లేబులు మీద నంబరు పక్కన ‘బాగుచేతకు, కొత్తవాటికి’ అని రాయిస్తాం. ‘ఆర్డర్ల కోసం సంప్రదించండి’ అన్న మాట కంటే ఇదే ఎక్కువ ఫోన్లు తెస్తుందని నా నమ్మకం. బాగుచేసి పెడతామన్నవాళ్లను జనం నమ్ముతారు. మీ బుట్టలకూ పిడులు ఊడతాయి, అంచులు విరుగుతాయి కదా, మీరూ ఆ మాట రాయండి.

చవకబారుతనం నంబరు వల్ల రాదు, వేసిన చోటు వల్ల వస్తుంది. బొమ్మ ముఖం మీదా బుట్ట ముందువైపూ ఎవరూ వెయ్యరు. మేం పీట అడుగున రబ్బరు స్టాంపు కొడతాం. ఇందులో ఒక కిటుకుంది. మా బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర చాలా మెత్తన, సిరాను లాగేసుకుంటుంది. పచ్చి చెక్క మీద కొడితే అంకెలు ఊరిపోయి మూడో ఎనిమిదో తెలియదు. అందుకని సున్నం పూత ఆరాక స్టాంపు కొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, ఆ పైన ఒక్క చెయ్యి వార్నిష్ పూస్తాం. ఇక తడిగుడ్డతో తుడిచినా పోదు. పర్మనెంట్ మార్కరుతో రాసి వార్నిష్ పూస్తే మాత్రం గీతలు పక్కలకు పాకిపోతాయి, ఆ పని చెయ్యకండి. కాగితం స్టిక్కరు కూడా వద్దు. ఎండాకాలం అటక వేడికి జిగురు కరిగి పక్క బొమ్మకు అంటుకుంటుంది.

మీ తాటాకు మీద స్టాంపు నిలవదు. ఆకు నున్నగా ఉంటుంది, మడత దగ్గర సిరా చెదురుతుంది. మీకు గుడ్డ లేబులే మేలు. రెండు వేళ్ల వెడల్పు కోరా గుడ్డ ముక్క మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించి, సంచి లోపలివైపు అంచు దగ్గర నాలుగు మూలలా కుట్టెయ్యండి. తడిసినా ఉంటుంది, వాడేటప్పుడు చేతికి తగలదు. దారంతో వేలాడే అట్ట ట్యాగు కూడా కట్టండి, అది చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇంటికెళ్లగానే కత్తిరించి పారేస్తారు కాబట్టి నంబరు దాని మీద మాత్రమే ఉంచకండి.

సెట్టుగా అమ్మే వస్తువులుంటే ఒక్కోదాని మీదా వరస అంకె, రకం గుర్తు వెయ్యండి. మేం దశావతారాల మీద ఒకటి నుంచి పది దాకా వేసి, పక్కన సైజు గుర్తు పెడతాం. ఫోన్ చేసినవాళ్లు ‘అయిదోది పోయింది, చిన్న సైజు’ అంటే చాలు, మిగతా తొమ్మిదింటికి సరిపోయే వామనుణ్ణి చేసిస్తాం. ఇలాంటి గుర్తు లేకపోతే ఫోన్ వచ్చినా పని జరగదు.

ఏ నంబరు వెయ్యాలన్నది ఇంకా ముఖ్యం. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. ముఖ్యంగా ఆడవాళ్లు ఇంటి నంబరు వెయ్యొద్దు. అది ఎవరెవరి చేతుల్లోకో వెళుతుంది, రాత్రిపూట అనవసరపు ఫోన్లు వస్తాయి. ఇంటి డోరు నంబరు కూడా గుడ్డ లేబుల్లో అక్కర్లేదు, ఊరు, జిల్లా పేరు చాలు. ఒకసారి వేశాక ఆ నంబరు మార్చకూడదు. మనం నెలల తరబడి రీఛార్జి చెయ్యకుండా వదిలేస్తే కంపెనీవాళ్లు దాన్ని ఇంకొకరికిచ్చేస్తారు. అప్పుడు మన వస్తువులన్నీ ముక్కూమొహం తెలియనివాళ్ల నంబరు మోస్తూ తిరుగుతుంటాయి. ముందు +91 తప్పకుండా వేయించండి. మనవాళ్ల ఇళ్లలో సగం వస్తువులు డాలస్‌కో మెల్‌బోర్న్‌కో సూట్‌కేసుల్లో వెళుతున్నాయి. పేరు, ఊరు తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి ఉంటే ఎవరికైనా పనికొస్తుంది.

క్యూఆర్ కోడు పెట్టాలనుకుంటే అట్ట ట్యాగు మీద పెట్టండి. గుడ్డ ముడతపడితే స్కాన్ కాదు. రెండు సెంటీమీటర్ల కంటే చిన్నది వద్దు. నేరుగా మీ వాట్సాప్ బిజినెస్ లింకు అందులో ఉండేలా చేయించండి. కొన్ని ఉచిత సైట్లు ఇచ్చే కోడులో మన లింకు ఉండదు, వాళ్ల లింకు ఉంటుంది. గడువు తీరగానే డబ్బు కట్టమంటారు, కట్టకపోతే కోడు పనిచెయ్యదు. అచ్చు వేయించేముందే ఫోన్‌తో స్కాన్ చేసి ఏ చిరునామా వస్తోందో చూసుకోండి.

మీరు అడగలేదు గానీ, దుకాణాలకు సరుకు వేస్తే ఒక చిక్కు వస్తుంది. నంబరుంటే సరుకు తీసుకోం అంటారు, లేదా నంబరు చెరిపేస్తారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కొట్టు అద్దె, కరెంటు బిల్లు, పనివాళ్ల జీతం కట్టి వస్తువు చూపించేది వాళ్లు. రెండోసారి ఆ గిరాకీ నేరుగా మనకు ఫోన్ చేసి తక్కువకు కొనేస్తే వాళ్లకేం మిగులుతుంది? మేం దుకాణాలకిచ్చే వాటి మీద నంబరు లేని స్టాంపు కొడతాం. అందులో ఇంటిపేరు, కొండపల్లి, రకం గుర్తు ఉంటాయి. నంబరు విషయంలో తగ్గుతాం గానీ పేరూ ఊరూ తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోం. చేసినవాళ్ల పేరు చెరిపి అమ్మడం అన్యాయం, ఆ బేరం పోయినా ఫరవాలేదు. దుకాణంలో కొన్నవాళ్లు ఎలాగో వెతుక్కుని మనకు ఫోన్ చేస్తే దుకాణం ధరే చెప్పండి. ఈ ఒక్క పద్ధతి వల్ల మాతో ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్న కొట్లున్నాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. బుట్టల్ని విడిగా, చేతిలో పెట్టి అమ్మితే ఇబ్బంది లేదు. ముందే పెట్టెలో మూసి, ప్యాక్ చేసి అమ్మితే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు వర్తిస్తాయి. అప్పుడు తయారీదారు పూర్తి చిరునామా, వస్తువు పేరు, సంఖ్య, తయారైన నెల, సంవత్సరం, పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, ఈమెయిలు పెట్టె మీద ఉండాలి. ఇవన్నీ పెట్టె మీదే వెయ్యండి, గుడ్డ లేబులును వీటితో నింపకండి. తాటాకుతో పిల్లల ఆటబొమ్మలు కూడా చేస్తుంటే ఇంకో మాట. 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది. ఆ కార్యాలయం కళాకారులకిచ్చే గుర్తింపు కార్డు, అంటే పెహచాన్ కార్డు, లేకపోతే ముందు దానికి దరఖాస్తు పెట్టుకోండి. భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ప్రభుత్వం దగ్గర నమోదైన పేరు) ఉన్న పేర్లను, ఆ గుర్తును అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా లేబుల్ మీద వాడకూడదు.

ముందే వేల లేబుళ్లు వేయించకండి. వచ్చే ఎగ్జిబిషన్‌కు సరిపడా చేయించి, ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ ‘నంబరు ఎక్కడ చూశారండీ?’ అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. లోపలి గుడ్డ, అట్ట ట్యాగు, తెలిసినవాళ్లు, ఈ మూడు గడులు చాలు. దాన్నిబట్టి తర్వాతి విడత డబ్బు దేని మీద పెట్టాలో తెలుస్తుంది. లేబుల్ నమూనా రాసుకున్నాక నంబరు చెరిపేసి ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.