ఒరిజినల్స్ అడిగితే మూడేళ్ల ఫీజు కట్టమంటున్నారు

ప్రశ్న: మేడమ్, నేను ఒక ప్రైవేట్ కాలేజీలో డిగ్రీ ఫస్టియర్‌లో చేరాను, ఇంతలో వేరే చోట సీటొచ్చింది. మానేస్తానంటే మూడేళ్ల ఫీజూ కట్టి టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ తీసుకెళ్లమంటున్నారు. నాన్న వెళ్లి బతిమాలినా వినలేదు. ఎవరికి కంప్లైంట్ చేయాలి? చేస్తే ఇంకా ఇబ్బంది పెడతారేమోనని భయంగా ఉంది.

జవాబు: ఇది బతిమాలి తెచ్చుకోవాల్సిన విషయం కాదమ్మా, అవి నీ సర్టిఫికెట్లు. కాలేజీలు ఒరిజినల్స్ వెరిఫై చేసుకుని వెంటనే తిరిగిచ్చేయాలని, కోర్సు మొత్తానికి ఫీజు ముందే కట్టించుకోకూడదని యూనివర్సిటీలకీ కాలేజీలకీ రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే చెప్పింది. చదవని కోర్సుకి ఫీజు గుంజడానికి సర్టిఫికెట్లు ఆపితే అది కంప్లైంట్ కిందకే వస్తుందని యూజీసీ 2023 రూల్స్‌లో స్పష్టంగా రాసుంది కూడా.

ఇప్పటిదాకా మీరు అడిగిందంతా నోటిమాటగానే కదా, వాళ్ల ధైర్యం అదే. వెంటనే ప్రిన్సిపాల్ పేరున లెటర్ రాయి, మానేస్తున్నానని, ఏ సర్టిఫికెట్లు ఏ తేదీన ఇచ్చావో, ఎవరు ఎంత కట్టమన్నారో అన్నీ అందులో ఉండాలి, ఆఫీసులో ఇచ్చి నీ కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకో, వాళ్లు వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపు. రసీదులు, వాట్సాప్ మెసేజీలు ఏవీ డిలీట్ చేయొద్దు.

దానికీ కదలకపోతే విద్యార్థుల కంప్లైంట్లు చూసే స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీకి కంప్లైంట్ పెట్టు, మామూలుగా 15 వర్కింగ్ డేస్‌లో రిపోర్టిచ్చి కాపీ నీకూ పంపాలి. కమిటీలో ఉండేది అక్కడి ప్రొఫెసర్లే కాబట్టి నమ్మకం కుదరకపోవచ్చు, అయినా ఈ మెట్టు ఎక్కకుండా అంబుడ్స్‌పర్సన్ (విద్యార్థుల అప్పీళ్లు విని తేల్చే వ్యక్తి) దగ్గరికి వెళ్తే నీ కేసు వినరు. కమిటీ నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీల్ చేయాలి, ఈ గడువు మాత్రం అస్సలు దాటనివ్వకు. ఆ పోస్టులో రిటైరైన వీసీనో ప్రొఫెసరో మాజీ జిల్లా జడ్జో ఉంటారు, 30 రోజుల్లో తేల్చడానికి చూడాలి. యూజీసీకి ఈ-సమాధాన్ పోర్టల్ ఉంది, అందులోనూ పెట్టొచ్చు.

భయం సంగతికొస్తే, నువ్వే వెళ్లి వాళ్ల ముందు నిలబడాలని లేదు, నీ తరఫున మాట్లాడమని మీ నాన్నకి రాసివ్వొచ్చు.

ఇంకోటి, కట్టిన ఫీజు కూడా అడుగు. 2018 రూల్ ప్రకారం అడ్మిషన్ల ఆఖరి తేదీ తర్వాత 15 రోజుల్లోపు మానేస్తే 80 శాతం, 30 రోజుల్లోపైతే 50 శాతం వెనక్కివ్వాలి, కొన్నేళ్లు యూజీసీ ఇంకా ఎక్కువ టైమిచ్చింది కాబట్టి ఈ ఏడాది నోటీసు చూసుకో. అందుకే ఆ లెటర్ మీద పడే తేదీ ముఖ్యం, ఆలస్యం చేయకు.