కొత్త టైర్లు వెనక వేయించమ్మా

చిట్టితల్లీ,

కొండదారిలో కారు నువ్వే నడుపుకుంటూ వెళ్తున్నావట, అదీ వానల్లో. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే గుండె ఝల్లుమంది. ఆ మరుక్షణమే "మా పిల్ల స్టీరింగ్ పట్టి కొండెక్కుతోంది" అని మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను.

రెండు టైర్లు అరిగిపోయాయని, వాటికి కొత్తవి వేయిస్తున్నావని కూడా తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. ఆ కొత్తవి వెనక వేయించు. అరిగినవి ముందున్నా సరే, వెనకున్న మంచివాటిని ముందుకి మార్చి, కొత్తవి వెనకే వేయించు.

ఇంజన్ లాగేది ముందు చక్రాలతోనే, తిప్పేదీ వాటినే, కాబట్టి కొత్తవి ముందుండాలని నేనూ అనుకున్నాను. షాపులో కుర్రాడు అడిగితే "ముందుకే వేసెయ్" అన్నాను. వారం తిరక్కుండానే పెద్ద వాన. ఒక మలుపులో నీళ్లు నిలిచి ఉన్నాయి. ముందు టైర్లు నీళ్లను చీల్చుకుంటూ పోతుంటే నా చేతులకి తేడా ఏమీ తెలియలేదు, వేగం తగ్గించలేదు. అరిగిన వెనక టైర్లు మాత్రం నీటి మీద తేలిపోయాయి. వెనక భాగం పక్కకి జారింది. కంగారుపడి బ్రేక్ తొక్కాను. కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దారివైపు మొహం పెట్టి ఆగింది. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి బతికాం. వెనక సీట్లో మీ అమ్మ, తన ఒళ్లో ఏడాది నిండని నువ్వు. నువ్వు నిద్ర కూడా లేవలేదు. నీ పాలసీసా సీటు కింద నుంచి దొర్లుకుంటూ వచ్చి నా మడమకి తగిలింది. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలాసార్లు పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే సరిదిద్దుకునేంత టైమ్ ఉండదమ్మా. షాపులో ఎవరు ఏం చెప్పినా వినకు.

టైరు గాడి లోతు 1.6 మి.మీ. ఉంటే చాలా దేశాల్లో చట్టం ఊరుకుంటుంది. వానలో నేను మాత్రం 3 మి.మీ. కంటే తక్కువున్న టైరుని నమ్మను. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడు. ఎంత కొట్టించాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టించకు. దారిలో వేడికి గాలి పెరిగిందని తీసెయ్యకు. టైరు పక్కగోడ మీద DOT (డాట్) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు టైరు వయసు చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. కొత్తదని పాత సరుకు అంటగట్టనివ్వకు. పక్కగోడ ఉబ్బిన టైరు లోపల దారాలు తెగినట్టే, అది ఇక పనికిరాదు. మంచు పడే చోటికి వెళ్లేటట్టయితే మూడు శిఖరాల కొండలో మంచురేకు గుర్తున్న టైర్లు నాలుగూ వేయించు, రెండే కాదు. 7 డిగ్రీల కిందకి వెళ్తే వేసవి టైరు రబ్బరు బిగుసుకుంటుంది.

పోయినసారి చూశాను, నీ స్టెప్నీలో గాలే లేదు! ఇంత చదువుకుని అదేం నిర్లక్ష్యం? ఈసారి నేనే వచ్చి కొట్టించి పెడతాను, నువ్వు డిక్కీలో సామాను సర్దకముందే.

బయల్దేరే ముందురోజు నాలుగు టైర్ల ఫొటోలు పంపు. ఆ నాలుగంకెలు స్పష్టంగా కనపడాలి. చేరాక మెసేజ్ పెట్టి ఊరుకోకు, ఫోన్ చెయ్యి. మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య