పది ఆజ్ఞల పోస్టర్ చూసి మా అమ్మాయి లా చదువుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను, మా వారు ఇద్దరం ఐటీలోనే. ఒక్కతే అమ్మాయి, ఇప్పుడు లెవెన్త్ గ్రేడ్. కంప్యూటర్ సైన్స్ చదివిద్దామని మొదటి నుంచీ అనుకున్నాం. ఈ ఏడాది వాళ్ల క్లాసుల్లో బైబిల్‌లోని పది ఆజ్ఞల పోస్టర్లు పెట్టడం, కోర్టు చెప్పాక తీసేయడం చూసినప్పటి నుంచి దానికి అదే లోకం. తీర్పులు డౌన్‌లోడ్ చేసుకుని చదువుతోంది. స్కూల్ బోర్డు మీటింగ్‌లో మాట్లాడతానంటోంది. డిగ్రీలో గవర్నమెంట్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) చేసి లా చదువుతుందట. మాకు గ్రీన్ కార్డ్ రాలేదు, అది హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది. ఈ గొడవల్లో తలదూరిస్తే కాలేజీ సీటుకి, వీసాకి ఇబ్బందని మా వారికి ఒకటే టెన్షన్. అసలు ఈ చదువుకి ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది మీ అమ్మాయి తీర్పులు చదువుతోందన్న మాట. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇలాంటి విషయాల మీద వీడియోలు చూస్తారు, ఫ్రెండ్స్‌తో వాదిస్తారు. అసలు కాగితం తెరిచి చదివేవాళ్లు తక్కువ. కాబట్టి దీన్ని ఒక సీజన్ సరదాగా కొట్టిపారేయకండి. కానీ మీ వారి భయంలో కూడా నిజం ఉంది. ఆ భయం లా మీద కాదు, వీసా మీద ఉండాలి. దాని గురించి కాస్త ఆగి చెబుతాను.

ముందు మీ అమ్మాయి తలలో ఏం నడుస్తోందో మీరిద్దరూ తెలుసుకోవాలి. టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ 2025 జూన్‌లో ఎస్‌బీ 10 అనే చట్టం మీద సంతకం చేశారు. ప్రతి పబ్లిక్ స్కూల్ క్లాస్‌రూమ్‌లో కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉన్న పది ఆజ్ఞల పోస్టర్ కనిపించాలి, గదిలో ఎక్కడ కూర్చున్నా చదవగలగాలి. పోస్టర్‌లో ఏ మాటలు ఉండాలో కూడా చట్టమే రాసిచ్చింది. అంతకు ముందు ఏడాది లూసియానా ఇలాంటి చట్టమే చేస్తే అక్కడి ఫెడరల్ జడ్జి ఆపేశారు. టెక్సాస్‌లో ఆగస్టులో మొదటి కేసులో ప్లానో, ఆస్టిన్ వంటి 11 స్కూల్ జిల్లాలకు, నవంబర్‌లో రెండో కేసులో మీ ఫ్రిస్కోతో సహా మరికొన్ని జిల్లాలకు ఇలాగే ఉత్తర్వులు వచ్చాయి. కోర్టుకు వెళ్లిన కుటుంబాల్లో క్రైస్తవులు, యూదులు, హిందువులు, ఏ మతమూ లేనివాళ్లు అందరూ ఉన్నారు. 2026 జనవరిలో ఫిఫ్త్ సర్క్యూట్ (టెక్సాస్, లూసియానాల మీద ఉండే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) పూర్తి ధర్మాసనం రెండు రాష్ట్రాల వాదనలూ కలిపి వింది. ఇది ఇంకా చాలా దూరం వెళ్లే వ్యవహారం. మీ అమ్మాయి లా స్కూల్‌లో చేరే నాటికి ఈ కేసులు పాఠాలుగా మారి ఉంటాయి.

అందరూ చెప్పే 1980 నాటి స్టోన్ వర్సెస్ గ్రాహమ్ తీర్పు ఆమె చదివే ఉంటుంది. కెంటకీ క్లాసుల్లో పది ఆజ్ఞలు తగిలించమన్న చట్టాన్ని సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. ఆ పోస్టర్లకు డబ్బు విరాళాలుగా వచ్చినా లాభం లేకపోయింది. మరి నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఎందుకు మొదలుపెట్టారు? ఎందుకంటే ఆ తీర్పుకు ఆధారమైన కొలబద్దను 2022లో కెనడీ వర్సెస్ బ్రెమర్టన్ కేసులో సుప్రీంకోర్టు పక్కన పెట్టి, చరిత్ర, సంప్రదాయం చూడాలంది. పాత తీర్పును సుప్రీంకోర్టు నేరుగా రద్దు చేయలేదు, కానీ దాని కింద పునాది కదిలింది. ఈ సంగతి మీ అమ్మాయి మీకు తన మాటల్లో వివరించగలిగితే, ఆమెకు లా బుర్ర ఉన్నట్టే. ఒకసారి అడిగి చూడండి.

ఓక్లహోమా కథ కూడా ఆమెతో మాట్లాడించండి. అక్కడి విద్యాశాఖ అధిపతి రయాన్ వాల్టర్స్ 2024లో ప్రతి క్లాసులో బైబిల్, పది ఆజ్ఞలు, అమెరికా రాజ్యాంగం, స్వాతంత్ర్య ప్రకటన నాలుగూ ఉండాలన్నారు. ఆయన రాజీనామా చేశాక 2025 అక్టోబర్‌లో కొత్త అధిపతి ఆ బైబిల్ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. నా దృష్టిలో అసలు చిక్కు ఆ నాలుగింటినీ ఒకే కట్టగా కట్టడంలో ఉంది. రాజ్యాంగం ఆ దేశంలో ఉండే ప్రతి ఒక్కరి మీదా పనిచేసే చట్టం. దాన్ని బడిలో చెప్పడం బడి బాధ్యత. పది ఆజ్ఞలు కొందరికి దేవుడి మాట, కొందరికి కాదు. నమ్మేవాళ్లలోనే యూదులు, క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు వాటిని వేర్వేరుగా లెక్కపెడతారు. ఏ లెక్క గోడెక్కాలో శాసనసభ తేల్చడం మొదలుపెట్టిందంటే అది చదువు చెప్పడం కాదు. ఇది నా అభిప్రాయం, దాచుకోను.

అయితే మతగ్రంథాలను బడి నుంచి తరిమేయాలని కూడా నేను అనను. 1963లో ప్రార్థనగా బైబిల్ చదివించడాన్ని ఆపిన అబింగ్టన్ తీర్పే, సాహిత్యంగా, చరిత్రగా దాన్ని చదవడంలో తప్పులేదంది. మీ అమ్మాయి ఏపీ గవర్నమెంట్ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) తీసుకుంటే అందులో తప్పనిసరిగా చదవాల్సిన తొమ్మిది పత్రాలున్నాయి. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం, రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాలు కొన్ని, చివర్లో మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం నిండా బైబిల్ మనుషులే. బైబిల్ ఏం చెబుతుందో తెలియకపోతే ఆ ఉత్తరం సగమే అర్థమవుతుంది. మన పిల్లలు దాన్ని చదవాలి, వాదించాలి, పరీక్ష రాయాలి. గోడకు తగిలించి రోజూ చూడమనడం వేరు, టీచర్ ముందు కూర్చుని ప్రశ్నలు అడుగుతూ చదవడం వేరు.

ఇక్కడే మీ అమ్మాయికి నేనొక పని చెబుతాను. ఎస్‌బీ 10ను సమర్థిస్తూ రెండు పేజీలు రాయమనండి. తను నమ్మకపోయినా సరే, వెక్కిరింపు లేకుండా, టెక్సాస్ లాయర్లు చదివి "అవును, మేం చెప్పేది ఇదే" అనేలా రాయాలి. లా చదువు మొత్తం ఈ కసరత్తు మీదే నడుస్తుంది. కోపం వల్ల వచ్చిన ఆసక్తి ఈ పరీక్ష దగ్గర ఆగిపోతుంది. అర్థం చేసుకోవాలన్న తపనైతే ఇక్కడి నుంచి ఇంకా పెరుగుతుంది. ఆ రెండు పేజీలు మీ వారిని కూడా చదవమనండి.

"ఇవి మన గొడవలు కావు" అని మీ వారు అంటే ఒక సంగతి గుర్తు చేయండి. కేరళ బడిలో జాతీయగీతం పాడనందుకు యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లల్ని బయటికి పంపితే, గౌరవంగా నిలబడితే చాలు, పాడమని బలవంతం చేయకూడదని 1986లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. 1943లో అమెరికా సుప్రీంకోర్టు బార్నెట్ కేసులో జెండా వందనం గురించి చెప్పింది కూడా దాదాపు ఇదే. బడి పిల్లల మనస్సాక్షి మన వాళ్లకు కొత్త విషయమేం కాదమ్మా.

ఇప్పుడు వీసా. హెచ్-4 పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ స్టేటస్ పోతుంది. గ్రీన్ కార్డ్ వరుసలో మీ తేదీని బట్టి వయసు లెక్క కొంచెం మారొచ్చు కానీ, లా స్కూల్ మూడేళ్లు ఎలా చూసినా ఆ తర్వాతే వస్తాయి. అంటే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదవాల్సి రావచ్చు. జేడీ (లా డిగ్రీ) చేశాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, ఒక్క ఏడాదే. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు దొరికే అదనపు 24 నెలలు లాకి దొరకవు. ఫెడరల్ ప్రభుత్వ లాయర్ ఉద్యోగాలకు చాలా వరకు పౌరసత్వం అడుగుతారు. ఫెడరల్ విద్యా రుణాలు హెచ్-4, ఎఫ్-1 వాళ్లకు రావు. లాయర్ లైసెన్సుకు మాత్రం పౌరసత్వం అడ్డు కాదు. మీ ఇంటి పరిస్థితికి లా కష్టమైన దారి, కానీ మూసుకుపోయిన దారి కాదు.

అందుకే నా సలహా ఇది. అమెరికాలో లా స్కూల్‌కి ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది, ఎల్‌శాట్ (లా ప్రవేశ పరీక్ష), మార్కులు, రాసే శక్తి ముఖ్యం. కాబట్టి డిగ్రీలో గవర్నమెంట్‌తో పాటు స్టాటిస్టిక్స్, డేటా సైన్స్, లేదా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కింద లెక్కపెట్టే గణిత ప్రధానమైన ఎకనామిక్స్ రెండో మేజర్‌గా తీసుకోమనండి. ఎఫ్-1 మీద ఉంటే డిగ్రీ తర్వాత మూడేళ్ల వరకు ఓపీటీ ఉంటుంది, ఉద్యోగం చేస్తూ లా గురించి నింపాదిగా తేల్చుకోవచ్చు. ఇష్టం లేకుండా కంప్యూటర్ సైన్స్‌లో కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ఆ రంగంలో కొత్తవాళ్లకు ఉద్యోగాలు ఎలా ఉన్నాయో మీ ఇద్దరికీ నాకంటే బాగా తెలుసు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ మేజర్ చేసినా ఆరు క్రెడిట్ అవర్స్ గవర్నమెంట్, ఆరు అమెరికా చరిత్ర చదవాలని రాష్ట్ర చట్టమే ఉంది. ఆ క్లాసుల్లోనే ఆమెకు తన ఆసక్తి ఎంత గట్టిదో తెలిసిపోతుంది. ఇన్-స్టేట్ ఫీజు (రాష్ట్రంలో ఉండేవాళ్లకు ఇచ్చే తక్కువ ఫీజు) మీకు వర్తిస్తుందో లేదో అడ్మిషన్స్ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోన్ మాట నమ్మకండి.

ఉద్యోగాల సంగతి. పెద్ద లా ఫర్మ్‌లు మొదటి ఏడాదే 2,25,000 డాలర్లు ఇస్తాయి, కానీ ఆ సీట్లు తక్కువ. హక్కుల సంస్థల్లో, ప్రభుత్వ లాయర్లుగా మొదట్లో దాదాపు మూడో వంతే వస్తుంది. ఈ తేడా తెలిసే దిగాలి. లాయర్ కాకుండా కూడా ఈ రంగంలో పని ఉంది. ఒక్క ఎస్‌బీ 10నే చూడండి. ఫ్రిస్కో స్కూల్ జిల్లా దాదాపు 1,800 డాలర్లు పెట్టి 5,000 వరకు పోస్టర్లు ప్రింట్ చేయించింది. ఆ నిర్ణయం వెనక జిల్లా లాయర్, బోర్డు సభ్యులు, ప్రిన్సిపాళ్లు అందరూ తల పట్టుకునే ఉంటారు. 2024 నవంబర్‌లో టెక్సాస్ స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ 8-7తో బైబిల్ కథలున్న బ్లూబోనెట్ పాఠాలను ఆమోదించింది. వాటిని రాసేవాళ్లు, పరిశీలించేవాళ్లు, వాటి గురించి వార్తలు రాసేవాళ్లు, శాసనసభ్యుల ఆఫీసుల్లో బిల్లులు చదివి నోట్స్ ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇవన్నీ ఉద్యోగాలే. ఈ గదుల్లో మన పిల్లలు ఇంకా తక్కువగా కనిపిస్తున్నారు, అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

బోర్డు మీటింగ్‌లో మాట్లాడనివ్వండి. 1969 నాటి టింకర్ తీర్పు ప్రకారం బడి గేటు దాటగానే విద్యార్థి మాట్లాడే హక్కు పోదు. కాలేజీలు ఇలాంటి పిల్లల్ని తగ్గించి చూడవు, పైగా అడ్మిషన్ వ్యాసానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు. జాగ్రత్త పడాల్సింది సోషల్ మీడియాలో. హెచ్-1బీ, హెచ్-4 వీసా దరఖాస్తుదారుల ఆన్‌లైన్ ఖాతాలను 2025 డిసెంబర్ 15 నుంచి కాన్సులేట్లు పరిశీలిస్తున్నాయి, ప్రొఫైళ్లు పబ్లిక్‌గా ఉంచమంటున్నాయి. చట్టం మీద మాట్లాడటానికి భయపడొద్దు. ఒక మతాన్ని, ఒక మనిషిని తిట్టే పోస్టులు మాత్రం పెట్టకూడదు. అది వీసా కోసమే కాదు, లాయర్ కావాలనుకునే పిల్లకు అది అవసరమైన అలవాటు. మొదటిసారి వెళ్లినప్పుడు మాట్లాడకుండా మూడు గంటలూ కూర్చుని వినమనండి. బడ్జెట్, బస్సుల కాంట్రాక్టుల చర్చ దగ్గర కూడా ఆమె నోట్స్ రాసుకుంటుంటే నాకు మళ్లీ రాయండి.

ఈలోగా మీరిద్దరూ ఒక ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డ్ వరుసలో మీ తేదీ), అమ్మాయి పుట్టిన తేదీ ముందు పెట్టి, ఆమె వయసు లెక్క ఏ నెలలో దాటుతుందో కాగితం మీద రాయించుకోండి. ట్వెల్త్ గ్రేడ్ మొదలయ్యేలోపు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి. మేజర్ ఏది, ఏ ఊరి కాలేజీ అన్నది దాన్ని చూశాకే ముగ్గురూ కలిసి తేల్చండి.