గార్డెన్ డిజైనర్‌ని పెట్టుకోండి, కానీ మొక్కలు అమ్మేవాళ్ళని కాదు

హైదరాబాద్ శివార్లలో కొత్త ఇల్లు, చుట్టూ 150 గజాల ఖాళీ జాగా. నర్సరీ వాళ్ళు ప్లాన్ ఉచితంగా గీసిస్తామంటున్నారు, గార్డెన్ డిజైనర్ మాత్రం గీసినందుకే ఫీజు అడుగుతున్నారు, ఆ డబ్బు దండగ కాదా అన్నది మీ ప్రశ్న.

దండగ కాదు. ఫీజు అడిగినవాళ్ళనే పెట్టుకోండి. ఉచితంగా గీసేవాళ్ళకి ఆ కాగితం మీద ఎన్ని మొక్కలు పడితే అంత ఆదాయం. "మీ జాగాకి నాలుగు చెట్లు చాలు, మిగతాది వదిలేయండి" అని వాళ్ళు ఎలా చెప్పగలరు? మందుల షాపు నడిపే డాక్టర్ రాసిన చీటీ ఎంత పొడుగుంటుందో ఆ ప్లానూ అంతే ఉంటుంది.

మేం ఇల్లు కట్టుకున్నది ఘట్‌కేసర్ వైపు. గృహప్రవేశం అయ్యాక ఇద్దరిని పిలిచాం. మొదట వచ్చినాయన పోర్టికో దిగలేదు. అక్కడే నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్ళి, తర్వాత త్రీడీ బొమ్మ పంపించాడు. గేటుకి రెండు పక్కలా ఫాక్స్‌టైల్ పామ్‌లు, ప్రహరీ పొడవునా కోనోకార్పస్ వరస, మధ్యలో పెద్ద లాన్, తెల్ల గులకరాళ్ళు, ఒక ఫౌంటెన్. పిల్లలకి తెగ నచ్చేసింది. మా అమ్మ మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "ఇందుల పూజకు పనికొచ్చే పువ్వు ఒక్కటన్న ఉన్నదా?" అని అడిగింది. నిజంగానే ఒక్కటీ లేదు.

రెండో డిజైనర్ ఒకావిడ. మే నెలలో మిట్టమధ్యాహ్నం వచ్చింది, ఆ టైముకే వస్తానని తనే అడిగి మరీ. ఇంట్లోకి రాకుండా నేరుగా చుట్టూ ఒక రౌండ్ తిరిగి, "గడ్డపార ఉందా అండీ?" అంది. పక్క సైటులో మేస్త్రీని అడిగి తెచ్చాను. మేం లాన్ వేద్దామనుకున్న చోటే తవ్వించింది. పైన నాలుగు వేళ్ళ మందం ఎర్రమట్టి ఉంది. అది గృహప్రవేశానికి ముందు బిల్డర్ పరిపించినది. దాని కింద గడ్డపార ఖంగుమంది. ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు ఉండలు, ఒక చిరిగిన సిమెంటు సంచి, ఆ కింద తెల్లగా మెత్తగా ఒక పొర. ఆవిడ అది కొంచెం తీసి వేళ్ళ మధ్య నలిపి నా చేతిలోనూ పెట్టింది. "మార్బుల్ కోసినప్పుడు కారిన నీళ్ళు ఎండితే మిగిలే పిండి ఇది. సున్నం ఎక్కువ. ఇక్కడ మందారం పెడితే ఆకు పసుపు పచ్చబడుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి" అని చెప్పింది.

మేం అంతకుముందు ఉన్న అద్దె ఇంట్లో మందారానికి సరిగ్గా అదే అయ్యేది. ఐరన్ తక్కువైందని నర్సరీలో ఏవో పొడులు ఇస్తూనే ఉండేవారు, ఆకు మాత్రం పచ్చబడేది కాదు. మట్టిలో సున్నం ఎక్కువైతే ఐరన్ ఉన్నా వేరు దాన్ని అందుకోలేదు. ఆ ఒక్క ముక్క అన్నేళ్ళలో మాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఆ గుంతని అడుగున్నర లోతు చేయించి బకెట్ నీళ్ళు పోయించింది. "ఇప్పుడు మంచినీళ్ళివ్వండి" అంటూ వచ్చి వరండాలో కూర్చుంది. మంచినీళ్ళయ్యాయి, టీ అయింది, మా అమ్మతో ఊరి కబుర్లూ అయ్యాయి. వెళ్ళి చూస్తే పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. సాయంత్రం దాకా అంతే. "వానాకాలం అంతా వేళ్ళు ఈ నీళ్ళలోనే ఉంటాయి, కుళ్ళిపోతాయి. మీ బడ్జెట్‌లో సగానికి పైగా మట్టికే పోతుంది. దానికి సరేనంటేనే గీస్తాను" అంది. నేను అప్పటికప్పుడే సరేనన్నాను. మట్టి ఊసెత్తకుండా మొక్కల పేర్లు చెప్పేవాళ్ళు డిజైనర్లే కారని ఆ రోజు నుంచి అడిగిన ప్రతివాళ్ళకీ చెప్తున్నాను.

రెండు అడుగుల మేర చెత్తంతా తవ్వించి ట్రాక్టర్లలో పంపించేశాం. మళ్ళీ ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, వేపపిండి కలిపి నింపాం. ఇక్కడ ఒక జాగ్రత్త: ఎర్రమట్టి అని చెప్పి మొరం దింపేసి పోతారు. లోడు దించకముందే పిడికెడు తీసుకుని తడిపి చూడండి. ముద్ద అయితే మట్టి, గరగరలాడుతూ విడిపోతే మొరం.

మిట్టమధ్యాహ్నమే ఎందుకు వచ్చిందో కూడా చెప్తాను, ఇది మీకు బాగా పనికొస్తుంది. వాస్తు ప్రకారం మనం ఉత్తరం, తూర్పు వైపు ఎక్కువ ఖాళీ వదులుతాం. అందుకని మన ఇళ్ళలో తోట చాలావరకు ఉత్తరం పక్కనే పడుతుంది. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం నీడే పడని రోజులు వస్తాయి. ఆ రెండింటి మధ్య సూర్యుడు మధ్యాహ్నం పూట నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు చూస్తే ఉత్తరం జాగా అంతా ఎండే. అదే డిసెంబరులో 24 అడుగుల ఎత్తున్న ఇల్లు మధ్యాహ్నం కూడా ఉత్తరానికి 20 అడుగుల నీడ వేస్తుంది. నెలల తరబడి అక్కడ ఎండ పడదు. ఈ రెండూ పోల్చి చూసుకోవడానికే ఆవిడ ఆ టైముకి వచ్చింది. మెక్సికన్ గడ్డి, బెర్ముడా గడ్డి ఆ నీడలో పలచబడి, నాచు పట్టి, చివరికి మట్టి తేలుతుంది. ఎండాకాలంలో బొమ్మ గీసి వానాకాలంలో గడ్డి పరిచి డబ్బు తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళు డిసెంబరులో ఫోన్ ఎత్తరు. మా వీధిలోనే చూశాను.

ఇందులో వాస్తుకీ డిజైనర్‌కీ గొడవేం లేదు. పెద్ద చెట్లు నైరుతి వైపు ఉండాలని వాస్తు చెప్పేవాళ్ళంటారు. ఆవిడా అక్కడే పొగడ పెట్టమంది, పడమటి ఎండ పడగ్గది గోడకి తగలకుండా. ఉత్తరం వైపు నీడకి ఓర్చుకునే నందివర్ధనం. తూర్పున మల్లె, మందారం, ఒక పారిజాతం. లాన్ మాత్రం పిల్లలు ఆడుకునేంత మేరకే, అదీ నీడని తట్టుకునే బఫెలో గడ్డి. మిగతా చోట ఇసుక మీద షాబాద్ బండలు, మధ్యమధ్య సందులు వదిలి, వాన నీళ్ళు ఇంకేలా.

లాన్ ఎందుకు తగ్గించిందో నీళ్ళ లెక్క కట్టి చూపించింది. ఎండాకాలంలో చదరపు మీటరు గడ్డికి రోజుకి 5 లీటర్లన్నా కావాలి. 100 గజాల లాన్ అంటే రోజుకి 400 లీటర్లు దాటుతుంది, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్ 12 రోజులకి ఖాళీ. మా వైపు బోర్లు ఏప్రిల్‌లోనే మూలుగుతాయి. తాగే నీళ్ళకి ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలో గడ్డికి ట్యాంకర్ తెప్పించుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. ఎవరేమనుకున్నా సరే.

మా అమ్మ సంగతి. డిజైనర్‌తో కూర్చున్నప్పుడు అమ్మ అడిగింది: "బిడ్డా, తంగేడు పెడ్తవా? బతుకమ్మకు పువ్వు కొనుక్కచ్చుడే అయితున్నది." నర్సరీల్లో తంగేడు అడిగితే నవ్వుతారు, అడవి మొక్క అంటారు. ఆవిడ నవ్వలేదు. ప్రహరీ పక్కన చెత్త పూర్తిగా తియ్యలేకపోయిన సన్నటి పట్టీ ఒకటి మిగిలింది. అక్కడ ఇంకేదీ బతకదని, తంగేడు అయితే రాళ్ళలోనూ వస్తుందని, వేళ్ళూనాక నీళ్ళు కూడా అడగదని చెప్పింది. అమ్మ ఊరి నుంచి గింజలు తెప్పించింది. తంగేడు గింజ తోలు గట్టిది. వేడినీళ్ళలో వేసి రాత్రంతా నానబెడితే బాగా మొలుస్తుంది. ఇప్పుడు భాద్రపదం వచ్చేసరికి ఆ పట్టీ అంతా పసుపే, కాలనీ ఆడవాళ్ళందరూ మా ఇంటికే వస్తారు. మన రాష్ట్ర పుష్పం కదా, డబ్బు పోసి వేయించుకున్న తోటల్లో దానికి చోటు ఎందుకుండదో నాకు అర్థం కాదు.

అడిగి తీసుకువెళ్ళేవాళ్ళకి ఎన్ని పూలైనా ఇస్తాం. తెల్లవారుజామున కవరూ కొంకికర్రా పట్టుకుని ప్రహరీ మీంచి కొమ్మలు వంచి విరిచేసేవాళ్ళతోనే బాధ. పక్కింటి చెట్టు విరిచి తెచ్చిన పువ్వు దేవుడికి ఎలా పెడతారండీ? అందుకని పూల మొక్కలు గోడకి నాలుగడుగుల లోపలికే పెట్టించండి.

కోనోకార్పస్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు. తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారంలో రోడ్ల మధ్య నాటారు కదా, పచ్చగా ఉంది కదా అని అందరూ ప్రహరీ పక్కన పెట్టేస్తున్నారు. దాని వేళ్ళు తడి వెతుక్కుంటూ పైపుల్లోకి, డ్రైనేజీలోకి వెళ్తాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. మీకు వచ్చే ప్లాన్‌లో ఆ పేరుంటే అక్కడే ఆపేయండి.

మొక్కలు మీరే కొనండి. గోదావరి పక్కన నర్సరీల ఊరు కడియం వెళ్ళినా సరే, అక్కడి నుంచి లారీల్లో వచ్చే మొక్కలే మన నర్సరీల్లోనూ ఉంటాయి. గోదావరి గాలి తేమలో పెరిగిన మొక్కని మన ఎండలో రాగానే నాటకండి, రెండు వారాలు నీడన ఉంచండి. వేళ్ళ చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది, ఎండితే రాయి అవుతుంది, నీళ్ళు లోపలికి దిగవు. నాటేముందు తడిపి అంచులు వదులు చేయాలి. కూలికి వచ్చినవాళ్ళు కవరు చింపి అలాగే పూడ్చేస్తారు, దగ్గరుండి చూసుకోండి.

ఎవరిని పెట్టుకోవాలి అంటారా. ఆర్కిటెక్ట్ అనే పేరుకి 1972 చట్టం కాపలా ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా పెట్టుకోకూడదు. గార్డెన్ డిజైనర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకని చదువు అడగండి, మొహమాటం వద్దు. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ల్యాండ్‌స్కేప్ చదివినవాళ్ళున్నారు. వెంకటరామన్నగూడెంలో, సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన పిల్లలున్నారు. నన్నడిగితే ఇంటి తోటకి ఉద్యానం చదివిన పిల్లలే నయం, వాళ్ళకి మట్టి తెలుసు. వాళ్ళు వేసిన తోట ఒకటి చూపించమనండి, ఫోటో కాదు, తోట. అదీ కనీసం రెండేళ్ళ కిందట వేసినది. అక్కడ నీళ్ళు పోసే తోటమాలితో పది నిమిషాలు మాట్లాడితే ఆ డిజైనర్ గురించి అంతా తెలిసిపోతుంది. తోటమాలి అంటే గుర్తొచ్చింది, లక్షలు పెట్టి తోట వేయించుకుని, దాన్ని బతికించే మనిషికి నెలకి వంద పెంచమంటే బేరమాడే ఇళ్ళని చూస్తే కడుపు మండిపోతుంది.

ఒప్పందంలో మూడు సంగతులు రాయించుకోండి. డిజైన్ ఫీజు వేరు, పని వేరు. డ్రిప్ పైపులు, కరెంటు వైర్లు ఎక్కడ పోతున్నాయో కొలతలతో గీసిన కాగితం మీ చేతికి రావాలి, లేదంటే రేపు ఎవరో గుంత తవ్వి తెంపేస్తారు. ఫీజులో చివరి భాగం తోట ఒక ఎండాకాలం దాటాకే ఇస్తానని చెప్పండి. మాకు గీసినావిడ దీనికి వెంటనే ఒప్పుకుంది. మృగశిర కార్తెకల్లా మొక్క నేలలో పడాలంటే మట్టి పని ఏప్రిల్‌లోనే మొదలవ్వాలి, కాబట్టి సంక్రాంతి వెళ్ళగానే పిలవండి.