నాన్నగారిని పెరంబూరు తీసుకెళ్తున్నాను

ప్రశ్న: మా నాన్నగారికి 77 ఏళ్లు. 1971లో మద్రాసులో రైలుపెట్టెలు తయారుచేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో (ఐసీఎఫ్) వెల్డరుగా చేరి, 2008లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే పనిచేశారు. అమ్మ పోయిన తర్వాత తొమ్మిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో నా దగ్గర ఉంటున్నారు. పెట్టెల బయటి చట్రం తయారుచేసే షెల్ డివిజన్‌లో తనతో కలిసి పనిచేసి, ఐసీఎఫ్ కాలనీ క్వార్టర్సులో మా ఇరుగుపొరుగున ఉన్న ముగ్గురు మిత్రులను ఒకసారి చూసి రావాలని రెండేళ్లుగా అడుగుతున్నారు. నేను వారిని చిన్నప్పటి నుంచి మామయ్యగారు, బాబాయిగారు, పెదనాన్నగారు అని పిలిచేదాన్ని. ఇప్పుడు పెదనాన్నగారు తాంబరంలో కొడుకు దగ్గర ఉన్నారు. ఆయన బాగానే ఉన్నారు, చెవులు మాత్రం సరిగా వినిపించవు. పెరంబూరులో ఉన్న బాబాయిగారికి డిమెన్షియా వచ్చింది. "రండమ్మా, కానీ ఆయన గుర్తుపట్టకపోతే మీ నాన్నగారు బాధపడతారేమో" అని పిన్నిగారు ఫోనులో అన్నారు. విల్లివాక్కంలో ఉన్న మామయ్యగారు ఎనిమిది నెలల క్రితం పోయారు. అప్పుడు నాన్నగారికి ఆపరేషన్ జరిగి ఆసుపత్రిలో ఉండడం వల్ల చెప్పలేదు, ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. చెన్నై వెళ్లాక మెల్లగా చెబుదామా? బాబాయిగారి ఇంటికి వెళ్లకుండా, వాళ్లు ఊళ్లో లేరని చెప్పేయమని మా అన్నయ్య అంటున్నాడు. అది సబబేనా? నేను మాత్రం ఒక హోటల్లో చిన్న హాలు తీసుకుని, కాలనీలో ఆనాడు ఉన్న తెలుగు కుటుంబాలన్నింటినీ పిలిచి, భోజనాలు పెట్టి, పెద్దలకు శాలువాలు కప్పాలని అనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?

– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు మూడు సంగతులు అడిగారు. వాటిలో మొదటిది తేలితే తప్ప మిగిలిన రెండింటి జోలికి వెళ్లకూడదు. మామయ్యగారు పోయిన సంగతి మీ నాన్నగారికి బయలుదేరే ముందే చెప్పండి. రైల్లోనో, చెన్నైలో దిగిన గదిలోనో చెప్పే మాట కాదది. మీ ఇంట్లో, ఆయన రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని ఉండగా, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు చెప్పండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఈ తప్పు నేను చేశాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మను నెల్లూరు నుంచి చెన్నైలోని పశ్చిమ మాంబళానికి, ఆమె చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్లాను. ఆ స్నేహితురాలు పోయిందని నాకు వారం ముందే తెలుసు. తెలిస్తే అమ్మ ప్రయాణమే మానుకుంటుందనీ, వెళ్తే కనీసం ఆమె పిల్లలనైనా చూస్తుందనీ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మ చేతిలో గోంగూర పచ్చడి సీసా ఉంది. మూతికి తెల్లగుడ్డ చుట్టి, నూలుదారంతో రెండు ముళ్లు వేసి తెచ్చింది. హాల్లో గోడకు దండ వేసిన ఫొటో కనిపించింది. అమ్మ ఏడవలేదు. సోఫాలో ఒక అంచున కూర్చుని, ఆ దారం ముడి విప్పడం, మళ్లీ వేయడం, మళ్లీ విప్పడం, అరగంటసేపు అదే చేసింది. స్నేహితురాలి కోడలు కాఫీ ఇస్తే తాగింది, పిల్లల చదువుల గురించి అడిగింది. వీధిలోకి వచ్చాక నాతో ఒకే మాట అన్నది: "ముందే తెలిసుంటే ఇంట్లో ఏడ్చుకుని వచ్చేదాన్ని కదే." ఆమె దుఃఖాన్ని పరాయి ఇంట్లో అదిమిపెట్టుకోవలసిన అవస్థ నేనే తెచ్చిపెట్టాను.

కాబట్టి ఒక ఉదయం, ఆయన టిఫిను తిని, మందులు వేసుకున్న తర్వాత, దగ్గర కూర్చుని చెప్పండి. "ఇక లేరట" అంటూ నసుగుతూ చెప్పవద్దు. మామయ్యగారు ఫలానా నెలలో పోయారని, ఏ జబ్బుతో పోయారో, చివర్లో ఎవరు దగ్గరున్నారో మీకు తెలిసినంతా చెప్పండి. ఇన్నాళ్లు ఎందుకు దాచారో కూడా మీరే చెప్పండి. ఆయనకు కోపం రావచ్చు, ఎనిమిది నెలలు నన్ను పసిపిల్లవాడిని చేశారా అని అడగవచ్చు. ఆ మాట పడండి, ఎదురు సమాధానం చెప్పకండి. "వయసైపోయింది కదా నాన్నా, ఎవరైనా పోవలసిందే కదా" అనే ఓదార్పు మాత్రం దయచేసి అనవద్దు. ఆయనదీ అదే వయసు.

చెప్పిన తర్వాత విల్లివాక్కం వెళ్లాలో వద్దో ఆయననే తేల్చనివ్వండి. వెళ్తారనే నా నమ్మకం. అప్పుడు ఆ రాక స్నేహితుల కలయిక కాదు, పరామర్శ. దానికి మన పద్ధతులు వేరు. చాలామంది పెద్దలు మంగళ, శుక్రవారాల్లో పరామర్శకు వెళ్లరు. అక్కడి నుంచి నేరుగా మరొకరి ఇంటికి పోరు. లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనరు. మీకు ఇవి పట్టింపు కాకపోవచ్చు, కానీ 77 ఏళ్ల మనిషికీ, ఎనిమిది నెలలుగా ఒంటరిగా ఉన్న అత్తయ్యగారికీ ఇవి పట్టింపే కావచ్చు. కాబట్టి ఆ రోజుకు ఆ ఒక్క ఇల్లే పెట్టుకోండి. స్వీటు డబ్బాలకు బదులు పళ్లు పట్టుకెళ్లండి. అత్తయ్యగారు ఏడుస్తూ ఆఖరి రోజుల సంగతి మొదటినుంచీ చెబుతారు. మీ నాన్నగారు అంతా వింటారు. మధ్యలో మీరు మాట మార్చకుండా ఉంటే చాలు.

ఇక పెరంబూరు బాబాయిగారి విషయం. వాళ్లు ఊళ్లో లేరని చెప్పవద్దు. ఒక దాపరికం ఎంత బరువో ఎనిమిది నెలలుగా మోస్తున్న మీకు రెండోది నెత్తికెత్తుకోమని ఎలా చెప్పను? మీ అన్నయ్య ఆ మాట ప్రేమతోనే అని ఉంటారు, సందేహం లేదు. అయినా, మీ నాన్నగారికి ఇదే ఆఖరి అవకాశం కావచ్చు కాబట్టి, బాబాయిగారిని ఆయన తప్పక చూడాలి.

డిమెన్షియాలో సాధారణంగా ముందుగా చెదిరిపోయేవి ఈమధ్య జ్ఞాపకాలు. పొద్దున ఏం తిన్నారో గుర్తుండని మనిషికి నలభై, యాభై ఏళ్ల నాటి మాటలు ఎక్కువ కాలం నిలుస్తాయి. అంటే మీ నాన్నగారు బాబాయిగారి జ్ఞాపకంలో నిన్నటి మనిషిగా కాక, 1975 నాటి షెల్ షాపు మనిషిగా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే వెళ్లగానే "నన్ను గుర్తుపట్టావా?" అని అడగవద్దని నాన్నగారికి ముందే చెప్పండి. ఆ ప్రశ్న ఆ జబ్బు ఉన్నవారికి పరీక్ష. జవాబు తెలియక వారు సిగ్గుపడతారు, కంగారుపడతారు, ఒక్కోసారి కోపం తెచ్చుకుంటారు. దానికి బదులు ఎదురుగా, ముఖం స్పష్టంగా కనిపించేలా కూర్చుని, తన పేరు తానే చెప్పి, "షెల్ షాపులో నీ పక్కనే వెల్డింగ్ చేసినవాణ్ణి" అనమనండి. పేరు తప్పుగా పిలిస్తే దిద్దవద్దు. చనిపోయినవారి గురించి "ఎలా ఉన్నాడు?" అని అడిగితే, మరణవార్తను ఆయనకు మళ్లీ మళ్లీ కొత్తగా వినిపించవద్దు, ఆ స్నేహితుడి మంచితనం గురించి ఒక మాట చెప్పి ముందుకు సాగవచ్చు. మీ నాన్నగారికి నిజం చెప్పమని, బాబాయిగారికి ఇలా అనమంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. మీ నాన్నగారు ఆ నిజాన్ని గుర్తుంచుకుని, దుఃఖించి, తేరుకోగలరు. బాబాయిగారికి ప్రతిసారీ అది మొదటి దెబ్బే.

పొద్దున వెళ్లండి. ఈ జబ్బు ఉన్న చాలామందికి సాయంత్రమయ్యేకొద్దీ అలజడి పెరుగుతుంది. టీవీ కట్టేయమని పిన్నిగారిని అడగండి. ఒక గంట మించి కూర్చోకండి. ముప్పావు గంటకే అలసిపోతే అప్పుడే లేవండి. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే పదిసార్లూ మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పమనండి.

చేతికి ఇవ్వడానికి ఏదైనా పట్టుకెళ్తే మంచిది. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున కాలనీ ఫొటో ఒకటి, నీలం రైలుపెట్టె ముందు నిలబడి తీయించుకున్నది ఒకటి ఉండకపోవు. స్విట్జర్లాండ్ ష్లీరెన్ కంపెనీ నమూనాతో 1955లో మొదలైన ఆ కర్మాగారం, ఆ పాత నమూనా పెట్టెల తయారీని 2018లో ఆపేసింది. అంటే వీరు పనిచేసిన కాలమంతా వీరి చేతుల మీదుగా వెళ్లినవి ఆ పెట్టెలే. ఇప్పుడు మీరు బెంగళూరు నుంచి ఎక్కబోయే వందే భారత్ కూడా ఐసీఎఫ్‌లో పుట్టినదే. ఇద్దరి మధ్య మాటలు కరువైనప్పుడు ఆ ఫొటో మీద వేలు పెట్టి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో వెతుక్కుంటారు. పాత పాట ఏదైనా ఇద్దరికీ వచ్చి ఉంటే అది కూడా పనికొస్తుంది. మాటలు జారిపోయినా పాట తరచుగా మిగులుతుంది. ఇన్నేళ్ల చెన్నై జీవితంలో తమిళం ఎంత అలవాటైనా, తల్లి భాషలో పలకరింపు ఆయనకు దగ్గరగా తగులుతుంది.

ఆ ముప్పావు గంటలో మీరు గదిలో ఉండవద్దు. వీడియో తీయవద్దు. పిన్నిగారితో వంటింట్లోకి వెళ్లండి. రాత్రిళ్లు తలుపు గడియ తీసి బయటికి పోబోయే మనిషిని కనిపెట్టుకుని, అన్నం తినిపించి, అడిగిందే అడుగుతుంటే ఓపిక పడుతున్న ఆమెను వచ్చినవాళ్లెవరూ "నువ్వెలా ఉన్నావు?" అని అడగరు. మీరు అడగండి. ఆమె ముందు ఏమీ లేదంటారు, తర్వాత చెబుతారు. ఆమె కోసమైనా ఆ ఇంటికి వెళ్లవలసిందే.

హాలు, శాలువాల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. ముప్పై మంది ఒకేసారి మాట్లాడే చోట బాబాయిగారు బెదిరిపోతారు, పెదనాన్నగారికి ఒక్క మాటా వినబడదు, అత్తయ్యగారు సంవత్సరీకం కాకుండా అలాంటి వేడుకకు రాకపోవచ్చు. ఇక మీ నాన్నగారు అందరికీ నమస్కారాలు పెడుతూ, ఎవరితోనూ పది నిమిషాలు కూర్చోలేక తిరిగివస్తారు. మీరు ఆ ఖర్చుకు సిద్ధపడడంలో ఉన్న ప్రేమ నాకు అర్థమవుతోంది. ఆ డబ్బుతో చెన్నైలో రెండు రోజులకు బదులు నాలుగు రోజులు ఉండండి.

తాంబరం ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి. పెరంబూరు, విల్లివాక్కం రెండూ సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు వెళ్లే లోకల్ రైలు దారిలో ఉన్నాయి. తాంబరం నగరానికి ఆ చివర. పెదనాన్నగారు వినికిడి యంత్రం పెట్టుకునేవారైతే దాన్ని ముందురోజే సిద్ధం చేసి ఉంచమని కొడుకుకు చెప్పండి. మాటలు మెల్లగా, ఎదురుగా కూర్చుని సాగాలి. అరిస్తే మరింత అర్థం కాదు. ఆయన ఓపిక ఉన్న మనిషి కాబట్టి, వీలైతే కారు మాట్లాడుకుని ఇద్దరినీ ఐసీఎఫ్ పక్కనున్న రైల్వే మ్యూజియానికి తీసుకెళ్లండి. 2002లో పెట్టిన ఆ మ్యూజియంలో పాత ఇంజన్లు, పెట్టెలు ఉన్నాయి. ఏ వెల్డు ఎక్కడ పడుతుందో ఆ ఇద్దరూ మీకు చూపిస్తారు.

ప్రయాణ ఏర్పాట్ల గురించి క్లుప్తంగా: రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. వృద్ధులకు టికెట్టులో ఇచ్చే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. మీ నాన్నగారు రైల్వే పెన్షనరు కనుక ఆయన పాసు ఏ రైలుకు చెల్లుతుందో ముందే కనుక్కోండి. రైల్వే మెడికల్ కార్డు వెంట ఉండాలి. దక్షిణ రైల్వే పెద్దాసుపత్రి పెరంబూరులోనే ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు, మేలో అగ్నినక్షత్రం అని తమిళులు పిలిచే మండుటెండలు. సంక్రాంతి రద్దీ తగ్గాక జనవరి చివర్లోనో, ఫిబ్రవరిలోనో వెళ్లండి. దిగిన రోజు ఎవరింటికీ వెళ్లకుండా ఆయనను పడుకోనివ్వండి.

తిరుగు ప్రయాణంలో "ఎలా ఉంది నాన్నా, తృప్తిగా ఉందా?" అని వెంటనే అడగకండి. చెప్పాలనిపించినప్పుడు, బహుశా ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు, ఆయనే చెబుతారు. సెంట్రల్ నుంచి బయలుదేరిన రైలు బేసిన్ బ్రిడ్జి దాటి, పెరంబూరు, విల్లివాక్కం మీదుగానే బెంగళూరుకు వస్తుంది. కిటికీ పక్క సీటు దొరక్కపోతే తోటి ప్రయాణికులను అడిగి ఆయనకు ఇప్పించండి. ఏ వైపు కిటికీలోంచి ఫ్యాక్టరీ కనిపిస్తుందో ఆయనకు తెలుసు.