ఆకు పైకి ముడుచుకుందా, కిందికా?

"వాట్సాప్ గ్రూపులో నేను చెప్పేది నిజమే అయినా ఎవరూ వినరు, చివరికి గొడవే మిగులుతుంది. ఆన్‌లైన్‌లో వాదించడం ఎలా?" అని అడిగారు కదా. నేను నర్సంపేట దగ్గర మూడెకరాల్లో మిర్చి వేస్తాను. వాదన గురించి నాకు తెలిసిందంతా మా మండలం మిర్చి రైతుల గ్రూపులో మాటలు పడి నేర్చుకున్నదే. అందులో రెండు వందల పైచిలుకు మందిమి ఉన్నాం. రాసేవాళ్ళు పదిహేను మందికి మించరు. ఈ లెక్కతో తర్వాత పని పడుతుంది.

2021 వానాకాలం పంట అది. నాట్లు వేసి నెలన్నర అయింది. గ్రూపులో ఒక పెద్దాయన ఆడియో పెట్టాడు. ఆకు ముడతకు ఫలానా మందు కొట్టాననీ, మూడు రోజుల్లో చేను తేరుకుందనీ, అందరూ అదే కొట్టండనీ సారాంశం. సరిగ్గా ఆ మందునే నేను అప్పటికి రెండుసార్లు కొట్టి డబ్బులు మట్టిలో పోసుకుని ఉన్నాను. కడుపు మండింది. "తెలియని విషయాలు చెప్పి రైతులను ముంచకండి" అని రాశాను. "నలభై ఏళ్ళుగా మిర్చి పండిస్తున్నాను తమ్మీ, నువ్వు నాకు చెప్పేవాడివా?" అని ఆయన. నేను మందు డబ్బా మీది చీటీని ఫోటో తీసి పెట్టాను. ఆయన పచ్చగా నిగనిగలాడే తన చేను ఫోటో పెట్టాడు. మధ్యలో ఎవరో నా డిగ్రీ చదువును ఎత్తిపొడిచారు. నేను వాళ్ళ పాత అప్పు సంగతి ఎత్తాను. దానికీ ముడతకూ ఏం సంబంధమో ఇప్పటికీ నాకు తెలియదు.

మూడో రోజు మా బావ నా చేలోకి వచ్చాడు. వంగి ఒక కొమ్మ చూసి, జేబులోంచి ఫోను తీసి పెద్దాయన పెట్టిన ఫోటోను వేళ్ళతో పెద్దది చేశాడు. "రెండూ పక్కపక్కన పెట్టి చూడు" అన్నాడు. నా మొక్క ఆకు అంచులు పైకి లేచి దోనెలా ఉన్నాయి. ఆయన ఫోటోలో ఒక మూలన ఉన్న మొక్క ఆకు అంచులేమో కిందికి వంగి, దోనెను బోర్లించినట్టు ఉన్నాయి. కాడ కూడా సాగింది. నాది తామర పురుగు తెచ్చే పైముడత. ఆయనది నల్లి తెచ్చే కింది ముడత. ఆయన కొట్టింది నల్లి మందు. ఆయన చేను తేరుకోవడం నిజం, నా డబ్బు పోవడం నిజం. ఇద్దరమూ 'ముడత' అనే ఒక్క మాట పట్టుకుని రెండు వేర్వేరు పురుగుల గురించి రెండు రోజులు తిట్టుకున్నాం. ఆకు ఏ వైపు ముడుచుకుందన్నా అని మొదటి రోజే నేను ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది.

అప్పటి నుంచి గ్రూపులో వేడి పుట్టిన ప్రతిసారీ ముందు ఆ మాట ఏదో వెతుకుతాను. చాలాసార్లు దొరుకుతుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో తేజ రకం మిర్చి ఇంత పలికిందని ఒకరు పెడతారు, అబద్ధం, నాకు అందులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే వచ్చిందని ఇంకొకరు మండిపడతారు. మొదటాయన చెప్పింది జెండా పాట, అంటే ఆ రోజు అన్నిటికన్నా మేలైన సరుకుకు పలికిన ధర. రెండో ఆయన సరుకులో తాలు, అంటే రంగు పోయిన కాయ ఉంది, తేమ ఉంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

అయితే ఇద్దరూ ఒకే సంగతి గురించి మాట్లాడుతున్నా గొడవ జరిగే సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు నేను ఎంత ఘోరంగా ఓడిపోయానో చెప్తాను. అదే పంటకు పూత సమయంలో నల్ల తామర పురుగు పడింది. ఆ ఏడాది మిర్చి వేసినవాళ్ళెవరికీ దాని సంగతి చెప్పనక్కరలేదు. మన దేశంలో దాన్ని 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదటిసారి గుర్తించారట. మా చేలల్లో మాత్రం అది మాకు కొత్త. పువ్వు లోపల దాక్కుంటుంది కాబట్టి పైపైన కొట్టిన మందు దానికి సరిగా తగలదు. భయంతో జనం మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి, రెండు రోజులకోసారి కొట్టడం మొదలుపెట్టారు. అలా కొడితే పురుగును తినే మిత్రపురుగులు చచ్చి అసలుది ఇంకా పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. నేనూ అదే రాశాను. కానీ ఎలా రాశాను? "బుద్ధి ఉన్నవాడెవడూ నాలుగు మందులు కలపడు" అని.

సంక్రాంతి తర్వాత టీ కొట్టు దగ్గర పక్క ఊరి కుర్రవాడొకడు కలిశాడు. గ్రూపులో ఏనాడూ నోరు మెదపనివాడు. నాలుగు మందులూ కలిపి కొట్టాడట, పూత రాలిపోయింది. నేను రాసింది చదవలేదా అని అడిగాను. "చదివానన్నా. నువ్వు అంత కోపంగా రాస్తుంటే నీ దగ్గర వేరే సమాధానం లేదేమో అనుకున్నాను. నాలుగూ కలపమన్నాయన నెమ్మదిగా చెప్పాడు" అన్నాడు. నేను రెండు వారాలు వాదించింది ఆ పదిహేను మందితో. చేలో ఏం కొట్టాలో తేల్చుకున్నది మిగిలిన రెండు వందల మంది.

మరుసటి ఏడాది అదే పురుగు మళ్ళీ కనిపించినప్పుడు నేను వాదనకు దిగలేదు. మా చిన్నమ్మాయి నోటుబుక్కులోంచి తెల్ల కాగితం ఒకటి చింపి, ఒక పువ్వును దాని మీద దులిపి, కాగితం మీద పాకుతున్న నల్లటి నలుసుల్లాంటి పురుగులను లెక్కపెడుతూ వీడియో తీశాను. ఏడు. అర నిమిషం కూడా లేదు. కింద ఒక్క వాక్యమే: "మీ చేలో పది పూలు ఇలా దులిపి, ఎన్ని పడ్డాయో రాయండి." సాయంత్రానికి నలభై మంది అంకెలు పెట్టారు. పేరు తప్ప గొంతు ఎన్నడూ వినిపించని వాళ్ళు కూడా రాశారు. అంకెలు వచ్చాక తిట్లకు చోటు లేకపోయింది. మాట పురుగులు అంటుకునేలా చేలో కట్టే నీలం రంగు జిగురు అట్టల మీదికి, ఎకరానికి ఎన్ని కట్టాలనే దాని మీదికి మళ్ళింది. దానితో అందరి పంటా నిలబడిందని చెప్పను, నిలబడలేదు.

చిన్న విషయాలు కొన్ని. మా వైపు పెద్దవాళ్ళను కూడా "అన్నా, నువ్వు" అనే అంటాం, అందులో చనువు ఉంటుంది. అలాంటి చోట ఎవరైనా హఠాత్తుగా "మీరు" అనో, పేరు చివర "గారు" అనో మొదలుపెడితే అది మర్యాద కాదు, గొడవకు గంట. ఆ గంట నాలో మోగితే నేను ఫోను పక్కన పెట్టి నీళ్ళు కట్టడానికి పోతాను. ఎదుటివాళ్ళు దండం బొమ్మ పెడితే నమస్కారం అనుకోకండి, "నీతో నా వల్ల కాదు" అని అర్థం. ఆడియోలకు ఆడియోతో జవాబు ఇవ్వకండి, అందులో ఏ మాటకు జవాబు చెబుతున్నారో ఎవరికీ తెలియదు. వాళ్ళ మాటను మీరే ఒక వాక్యంలో రాసి, "ఇదేనా నువ్వు అన్నది?" అని అడగండి. సగం మంది "అది కాదు" అంటారు, అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. తప్పు రాశామని వెంటనే తెలిస్తే 15 నిమిషాల్లోపు సవరించుకోవచ్చు. ఆ గడువు దాటితే తీసేయకండి. తీసేసిన గుర్తు అక్కడే ఉంటుంది, జనం ఏదో ఊహించుకుంటారు. కింద "నేను పొరబడ్డాను" అని రాయడం నయం. నాకు మొదటిసారి అది రాయడానికి ఒక పూట పట్టింది.

ఇంకో రకం మనుషులు ఉంటారు. వాళ్ళు తమ మాట ఏదీ చెప్పరు, మీరు చెప్పిన ప్రతిదాన్నీ పడగొడతారు. మనం తిట్టుగా వాడే వితండం అంటే మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలో సరిగ్గా ఇదేనట, మా బడి తెలుగు సారు చెప్పేవారు. "సరే, నీ చేలో నువ్వు ఏం చేస్తున్నావు?" అని ఒక్కసారి అడుగుతాను. జవాబు రాకపోతే ఇక అక్కడ రాయను.

పెద్దాయన ఇప్పటికీ ఆడియోలే పెడతాడు. కాకపోతే ఆడియో వెనకే ఆకు ఫోటో కూడా పంపిస్తున్నాడు. పోయిన వారం పంపినదాంట్లో సగం ఆకు మీద ఆయన బొటనవేలే ఉంది. "అన్నా, వేలు తీసి ఇంకోటి పంపు" అని రాశాను.