సీటు వచ్చాక క్యాంపస్ చూడటానికి వెళ్లాలా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అమ్మాయి పన్నెండో తరగతి పూర్తి చేయబోతోంది. మా రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోను, మిడ్‌వెస్ట్‌లోని ఒక పెద్ద విశ్వవిద్యాలయంలోను, మసాచుసెట్స్‌లోని ఒక చిన్న కాలేజీలోను సీట్లు వచ్చాయి. సీటు వచ్చినవారిని క్యాంపస్‌కు పిలిచి చూపించే అడ్మిటెడ్ స్టూడెంట్స్ డే ఏప్రిల్‌లో జరుగుతుంది, దానికి మూడు చోట్ల నుంచీ ఆహ్వానాలు అందాయి. అమ్మాయి అన్నిటికీ వెళ్తానంటోంది. సీటు ఎలాగూ వచ్చింది కనుక టికెట్లకు, హోటళ్లకు డబ్బు ఖర్చు చేయడం అవసరమా? వెళ్తే ఏం చూడాలి?

జవాబు: నమస్కారం. మీ సందేహం సహేతుకమైనదే. అయితే సీటు రాకముందు క్యాంపస్ చూడటం వేరు, వచ్చిన తరువాత చూడటం వేరు. అప్పుడు ఎంపిక చేసే అధికారం విశ్వవిద్యాలయానిది, ఇప్పుడు మీ అమ్మాయిది. ఎక్కువ కాలేజీలు సమాధానానికి మే 1 వరకు గడువు ఇస్తాయి, సీటు ఖాయం చేసుకోవడానికి అప్పుడు కట్టే డిపాజిట్ సాధారణంగా తిరిగి రాదు. నాలుగేళ్లు ఎక్కడ గడపాలన్నది తేల్చుకోవడానికి మిగిలినవి ఈ కొద్ది వారాలే కనుక వెళ్లమనే నా సలహా, కానీ మూడు చోట్లకూ ఒకే తీరుగా వెళ్లనక్కరలేదు.

బయలుదేరే ముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటుంది. ఎంత ఆర్థిక సాయం ఇస్తారో తెలిపే మూడు ఫైనాన్షియల్ ఎయిడ్ ఉత్తరాలను పక్కపక్కన పెట్టుకుని, అప్పుగా ఇచ్చే మొత్తాన్ని సాయం కింద లెక్కించకుండా, మీ చేతి నుంచి ఏటా ఎంత పడుతుందో రాసుకోండి. ఏ విధంగానూ భరించలేని చోటు ఏదైనా ఉంటే అక్కడికి అమ్మాయిని తీసుకెళ్లకండి. మనసు పడిన తరువాత కాదనడం ఆమెకు చాలా బాధ కలిగిస్తుంది. అమ్మాయి కోరిన మేజర్‌లోనే, అంటే ప్రధానంగా చదవబోయే శాఖలోనే, సీటు ఇచ్చారా, లేక చేరిన తరువాత మళ్లీ పోటీపడాలా అన్నది ఉత్తరంలో స్పష్టంగా లేకపోతే అడ్మిషన్ ఆఫీసును ముందే అడగండి. కంప్యూటర్ సైన్స్ వంటి శాఖలకు చాలాచోట్ల తరువాత మారడం సులభం కాదు. ఇక చాలా కాలేజీలు ఏటా ప్రకటించే కామన్ డేటా సెట్ అనే పత్రంలో ఇరవైమంది లోపు ఉన్న తరగతులు ఎన్ని, వందమందికి మించినవి ఎన్ని, మొదటి ఏడాది తరువాత ఎంత శాతం విద్యార్థులు తిరిగి వచ్చారు, ఆరేళ్లలో ఎంతమంది పట్టా పొందారు అన్న వివరాలు ఉంటాయి. కాగితం మీద తెలిసే వీటి కోసం ప్రయాణం చేయనవసరం లేదు.

అడ్మిటెడ్ స్టూడెంట్స్ డే స్వభావం కూడా మీరు తెలుసుకోవాలి. హార్వర్డ్‌లో విజిటాస్, యేల్‌లో బుల్‌డాగ్ డేస్, ఎంఐటీలో క్యాంపస్ ప్రివ్యూ వీకెండ్ అంటూ ఒక్కోచోట ఒక్కో పేరుతో జరిగినా, వీటన్నిటి ఉద్దేశం సీటు వచ్చిన విద్యార్థిని తమ దగ్గరే చేరేలా ఒప్పించడం. అక్కడ చెప్పేది అబద్ధమని నా భావం కాదు. కానీ ఆ రోజు మీతో మాట్లాడే విద్యార్థులు తమ కాలేజీని ఇష్టపడి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు, మీరు చూసే గదులు ముందే సర్ది ఉంచినవి. అందువల్ల ఆ వేడుక రోజుకు ముందో వెనుకో తరగతులు జరిగే మామూలు రోజు ఒకటి కలిసొచ్చేలా ప్రయాణం పెట్టుకోండి.

ఆ మామూలు రోజున అనుమతి తీసుకుని, తన మేజర్‌కు సంబంధించిన మొదటి సంవత్సరం తరగతిలో వెనుక వరుసలో కూర్చోమనండి. పాఠం ఎంత బాగుందన్నదానికంటే, పాఠం అయిపోయాక విద్యార్థులు ప్రొఫెసర్ దగ్గరకు వెళ్తున్నారా, లేక అందరూ ఒక్కసారిగా తలుపు వైపు నడుస్తున్నారా అన్నది చూడటం ముఖ్యం. సాయంత్రం భోజన వేళ డైనింగ్ హాల్లో ఒంటరిగా తినేవారు ఎలా ఉన్నారో, రాత్రి పది గంటలకు లైబ్రరీ ఎలా ఉందో గమనించాలి. క్యాంపస్‌లో విద్యార్థులు నడిపే పత్రిక ఉంటే, వెళ్లేముందే గత రెండు మూడు నెలల సంచికలు చదవమనండి. హార్వర్డ్ క్రిమ్సన్ 1873 నుంచి, మిషిగన్ డైలీ 1890 నుంచి విద్యార్థుల చేతుల్లోనే నడుస్తున్నాయి. అక్కడివారు దేని గురించి కోపంగా ఉన్నారో, హాస్టల్ గదుల కొరత గురించా, ఫీజుల గురించా, కౌన్సెలింగ్ కేంద్రంలో ఎదురుచూపుల గురించా అన్నది స్వాగత ప్రసంగాల్లో వినిపించదు, ఆ పుటల్లో కనిపిస్తుంది.

విద్యార్థులను అడిగే ప్రశ్నలు నిర్దిష్టంగా ఉండాలి. "ఇక్కడ మీకు నచ్చిందా" అంటే అందరూ నచ్చిందనే చెబుతారు. చివరిసారి ఇబ్బంది వచ్చినప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లారు, అడ్వైజర్‌ను కలవడానికి ఎన్ని రోజులు పట్టింది, కావలసిన కోర్సులో చోటు దొరక్క ఒక సెమిస్టర్ ఆగవలసి వచ్చిందా, రెండో సంవత్సరం నుంచి ఎక్కడ ఉంటున్నారు అని అడిగితే నిజమైన జవాబులు వస్తాయి. ఉద్యోగాల శాతం చూపించే కెరీర్ సెంటర్‌ను, ఆ సర్వేకి పట్టభద్రుల్లో ఎంతమంది సమాధానమిచ్చారని తప్పక అడగమనండి.

భద్రత గురించి మీరు రాయలేదు కానీ తల్లిదండ్రుల మనసులో ఆ ఆలోచన ఉంటుందని నాకు తెలుసు. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన డార్మ్ (హాస్టల్) గదిలోనే హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో వచ్చిన చట్టం ప్రకారం, సమాఖ్య ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే ప్రతి కాలేజీ గత మూడేళ్ల నేరాల లెక్కలను ఏటా అక్టోబర్ 1 నాటికి ప్రకటించాలి. ఆ నివేదికలను చదవండి. అయితే అంకె పెద్దదైనంత మాత్రాన ఆ చోటు ప్రమాదకరమని తేల్చేయకండి, ఫిర్యాదు చేయడానికి విద్యార్థులు వెనుకాడని చోట కూడా అంకె పెరుగుతుంది.

ఇప్పుడు మీ పాత్ర గురించి. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన తరువాత విద్యార్థి రికార్డులపై హక్కు విద్యార్థికే చెందుతుంది, వయసు పద్దెనిమిది నిండకపోయినా సరే. పన్ను లెక్కల్లో మీ అమ్మాయి మీపై ఆధారపడినట్టు చూపినా, మార్కులు మీకు చెప్పేందుకు కాలేజీకి అనుమతి ఉంటుందే తప్ప చెప్పి తీరాలన్న నియమం లేదు. కాబట్టి మాట్లాడే పని ఆమెకు వదిలేసే అలవాటు ఈ ప్రయాణంలోనే మొదలుకావాలి. ఆమె తరగతిలో ఉన్న సమయంలో మీరు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు వెళ్లండి. దరఖాస్తు చేసిన తరువాత మీ ఆదాయం తగ్గినా, వైద్య ఖర్చులు పెరిగినా, ఆధారాలు చూపి సాయాన్ని మళ్లీ పరిశీలించమని అడగవచ్చు. మీ ప్రయాణ ఖర్చుకు మించిన ఫలితం అక్కడే రావచ్చు.

విద్యార్థుల డార్మ్‌లో ఒక రాత్రి ఉండే అవకాశం ఇస్తే భయపడకుండా ఒప్పుకోండి. ఆ రాత్రే తనకు తోచింది రాసుకోమనండి, ఆమె మాట్లాడేవరకు మీ అభిప్రాయం చెప్పకండి. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి, తను వెళ్లిన రోజు వాన పడిందన్న ఒక్క కారణంతో తనకు ఎంతో అనువైన కాలేజీని వద్దనుకోబోయింది. రాసుకున్న కాగితం ఉండబట్టి, నచ్చనిది వాతావరణమే తప్ప కాలేజీ కాదని రెండు వారాల తరువాత తనే గుర్తించింది.

మీ విషయంలో నా అభిప్రాయం ఇది. మీ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయానికి వేడుక రోజున కాకుండా ఏదో ఒక పనిదినాన కారులో వెళ్లి రండి. మసాచుసెట్స్ కాలేజీకి కూడా రోడ్డు మీదే వెళ్లవచ్చు, అక్కడ ఒక రాత్రి ఉండనివ్వండి. విమానం టికెట్టు కొనవలసింది మిడ్‌వెస్ట్‌కు మాత్రమే, అది కూడా మీ ఖర్చుల లెక్కలో ఆ విశ్వవిద్యాలయం నిలిస్తేనే. కొన్ని కాలేజీలు అవసరమున్న కుటుంబాలకు ప్రయాణ ఖర్చు ఇస్తాయి కనుక, కొనకముందే అడ్మిషన్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ పంపండి. నిర్ణయం అయ్యాక ఒక్కచోటే డిపాజిట్ కట్టి, మిగిలిన రెండు కాలేజీలకూ రావడం లేదని వెంటనే అమ్మాయి చేతనే రాయించండి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్న మరో విద్యార్థి ఆ కబురు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.